కూలర్ క్యాబినెట్‌లో పట్టడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా చూడండి

కంప్యూటర్‌కి కూలర్ కొనేటప్పుడు అది ప్రాసెసర్‌ని ఎంత చల్లగా ఉంచుతుందనే చూస్తాం, అది కూర్చునే చోటు ఎంతుందో చూడం. నేనూ ఒకసారి పెద్ద టవర్ కూలర్ (నిలువుగా లేచే రకం) తెచ్చి, వేడిని కూలర్‌కి అందించే పేస్ట్ ప్రాసెసర్ మీద పూసి, బిగించి, కేబుళ్లన్నీ సర్దేసి చివర్లో సైడ్ ప్యానెల్ పెట్టబోతే అది ఐదారు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయింది. మళ్లీ అంతా విప్పాల్సి వచ్చింది. కొనే ముందు పది నిమిషాలు స్కేలు పట్టుకుని ఉంటే ఆ రోజంతా మిగిలేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సైడ్ ప్యానెల్ మూత పడటం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ ఎత్తే. ప్రతి క్యాబినెట్ స్పెసిఫికేషన్లలో సీపీయూ కూలర్ క్లియరెన్స్ అని ఒక అంకె ఉంటుంది, కూలర్ ఎత్తు కూడా కంపెనీ ఇస్తుంది, ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్లు చాలావరకు 150 నుంచి 160 మి.మీ. ఎత్తు ఉంటాయి, నోక్టువా ఎన్‌హెచ్-డి15 లాంటి పెద్దవి 165 దాకా వెళ్తాయి. అంకెలు సరిగ్గా సమానంగా ఉంటే నేనైతే కొనను, కనీసం రెండు మూడు మిల్లీమీటర్లు మిగలాలి.

క్యాబినెట్ పాతదై వివరాలు దొరకకపోతే మీరే కొలవండి. క్యాబినెట్‌ని పడుకోబెట్టి, ప్యానెల్ కూర్చునే అంచుల మీద ఒక స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి ప్రాసెసర్ మీది లోహపు మూత దాకా ఇంకో స్కేలుతో చూడండి. కూలర్ ఎత్తుని మామూలుగా ప్రాసెసర్‌కి తగిలే అడుగు నుంచి లెక్కపెడతారు, కాబట్టి మీరు మదర్‌బోర్డు దాకా కొలిస్తే అందులోంచి సుమారు 8 మి.మీ. తీసేయాలి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇప్పటికే కొనేసి ఉంటే, ముందు ఫ్యాన్ ఎక్కడుందో చూడండి. ఫ్యాన్ క్లిప్పులు హీట్‌సింక్ (కూలర్‌లోని లోహపు రేకుల భాగం) కంటే పైకి బిగించి ఉంటే కిందికి జరిపితే చాలు. హీట్‌సింకే తగులుతుంటే మాత్రం మార్చుకోవడం తప్ప దారి లేదు. నొక్కి మూసే పని అస్సలు పెట్టుకోకండి, గాజు ప్యానెల్ అయితే పగులుతుంది, ఇనుప ప్యానెల్ అయితే ఆ ఒత్తిడంతా కూలర్ మీదుగా సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) మీద పడుతుంది.

పాత కూలర్ విప్పేటప్పుడు ఒక మాట. ఏఎండీ ఏఎం4 సాకెట్‌లో ప్రాసెసర్ కూలర్‌కి అతుక్కుని సాకెట్‌లోంచి ఊడి వచ్చేయగలదు, పిన్నులు వంగుతాయి. కంప్యూటర్‌ని కాసేపు నడిపి పేస్ట్ వేడెక్కాక ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి.

ర్యామ్ తగులుతోంది

ప్యానెల్ సంగతి అందరికీ తెలుసు, ర్యామ్ సంగతి బిగించేదాకా ఎవరికీ గుర్తుండదు. హీట్‌స్ప్రెడర్ (పైన లోహపు తొడుగు) లేని మామూలు ర్యామ్ సుమారు 31 మి.మీ. ఎత్తు, లైట్లున్న ట్రైడెంట్ జెడ్ ఆర్‌జీబీ 44 మి.మీ. పైన చెప్పిన ఎన్‌హెచ్-డి15కి రెండు ఫ్యాన్లూ పెడితే ముందు ఫ్యాన్ కింద మిగిలేది 32 మి.మీ. మాత్రమే. ఫ్యాన్‌ని 12 మి.మీ. పైకి జరిపితే ర్యామ్ పడుతుంది, కానీ మొత్తం ఎత్తు 165 కాస్తా 177 అవుతుంది, అంటే మళ్లీ సైడ్ ప్యానెల్ దగ్గరికే వచ్చాం. ముందు ఫ్యాన్‌ తీసి హీట్‌సింక్ వెనకవైపు పెట్టవచ్చు, గాలి మాత్రం క్యాబినెట్ వెనక్కే పోవాలి. లేదంటే ర్యామ్ మీదికి రాని సన్నటి సింగిల్ టవర్ తీసుకోండి. తగులుతోందని ర్యామ్‌ని వేరే స్లాట్లకి మార్చేయకండి, రెండు ర్యామ్‌లుంటే మదర్‌బోర్డు మాన్యువల్ చెప్పిన స్లాట్లలోనే ఉండాలి.

స్క్రూ రంధ్రాలు కలవడం లేదు

ఇంటెల్ ఎల్‌జీఏ 1200, అంతకు ముందు 115 సిరీస్ సాకెట్లలో రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., ఎల్‌జీఏ 1700లో 78. మూడే మిల్లీమీటర్లు, అయినా పాత బ్రాకెట్ పనికిరాదు. కూలర్ కంపెనీ దగ్గర 1700కి సరిపోయే బిగింపు కిట్ ఉందేమో చూడండి, 1851 సాకెట్‌కీ అదే కొలత. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో మదర్‌బోర్డు వెనక ప్లేట్ ఊడదు, అందుకని సొంత బ్యాక్‌ప్లేట్ అడిగే పాత కూలర్లు దానికి సరిపోవు.

చక్కగా పట్టింది, కానీ వేడి తగ్గడం లేదు

ఇదే నిజంగా టెన్షన్ పెట్టే సమస్య, ఎందుకంటే బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. ఉష్ణోగ్రత ఎంత అన్నదానికంటే ఎలా పెరుగుతోందో చూడండి. బరువైన ప్రోగ్రామ్ మొదలుపెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే 95 డిగ్రీలు దాటిపోతుంటే ముందుగా అనుమానించాల్సింది కూలర్ ప్రాసెసర్‌కి సరిగ్గా ఆనుతోందా అని. అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయి ఉండొచ్చు, పేస్ట్ చాలకపోయి ఉండొచ్చు, ఒక స్క్రూ పూర్తిగా బిగించి ఎదురుది వదులుగా వదిలేసి ఉండొచ్చు. విప్పి, తుడిచి, కొత్త పేస్ట్ వేసి, స్క్రూలని ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి.

అలా కాకుండా మెల్లగా పది పదిహేను నిమిషాల్లో పెరిగితే సైడ్ ప్యానెల్ తీసి మళ్లీ అదే పని నడిపి చూడండి. ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే కూలర్ తప్పు లేదు, క్యాబినెట్‌కి గాలి ఆడటం లేదు. క్యాబినెట్ ముందువైపు ఫ్యాన్ పెట్టండి, ఫిల్టర్ దుమ్ము దులపండి, కూలర్ ఫ్యాన్‌కీ ప్యానెల్‌కీ మధ్య ఖాళీ మరీ తక్కువుందేమో చూడండి.

ప్యానెల్ తీసినా మార్పు లేకపోతే, కూలర్ క్యాబినెట్‌కి సరిపోయింది గానీ ప్రాసెసర్‌కి సరిపోలేదన్నమాట. కేవలం 37 మి.మీ. ఎత్తుండే నోక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ లాంటి కూలర్లు చిన్న క్యాబినెట్లలో 65 వాట్ల ప్రాసెసర్లకి హాయిగా పనిచేస్తాయి, కానీ 253 వాట్ల దాకా లాగే ఐ9-13900కే మీద పెడితే తట్టుకోలేవు. అలాంటప్పుడు బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పవర్ లిమిట్, అంటే ప్రాసెసర్ లాగే కరెంటు పరిమితి, తగ్గించండి, చిన్న క్యాబినెట్‌లో నేను మొదట చేసేది అదే. రైజెన్ 7000లో 7700ఎక్స్ లాంటి ఎక్స్ ప్రాసెసర్లు పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లేలా తయారుచేసినవి, అది చూసి కంగారుపడి కూలర్ మార్చకండి.

టవర్ పట్టదని లిక్విడ్ కూలర్ కొంటే అదీ పట్టలేదు

లిక్విడ్ కూలర్ మీద 240 అంటే రెండు 120 ఫ్యాన్ల లెక్క, రేడియేటర్ (ద్రవాన్ని చల్లబరిచే భాగం) అసలు పొడవు సాధారణంగా 270 మి.మీ. దాటుతుంది. మందం 27, ఫ్యాన్ 25, కలిపితే 52 మి.మీ. క్యాబినెట్ పైకప్పుకీ మదర్‌బోర్డు మీది హీట్‌సింక్, ర్యామ్‌లకీ మధ్య అంత ఖాళీ లేకపోతే ముందువైపు పెట్టాలి, అప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ పొడవులోంచి ఆ మందం తీసేసి చూసుకోండి. ముందువైపు పెడితే రేడియేటర్ పైభాగం ద్రవాన్ని తిప్పే పంప్ కంటే ఎత్తులో ఉండాలి, లేదంటే లోపలి గాలి బుడగలు పంప్‌లోకి చేరి గరగరమని శబ్దం వస్తుంది.