బెజవాడ, గుంటూరు మార్కెట్లో సముద్రపు చేప కొనేవాళ్ళకి: తేదీ, కొలత, వల

మన మార్కెట్లకి సముద్రపు చేప ఎక్కువగా బందరు, నిజాంపట్నం రేవుల నుంచి ఐసు పెట్టెల్లో వస్తుంది. బల్ల మీద ఏది అమ్ముడుపోతే రేవులో దానికే ధర పలుకుతుంది, వల కూడా దానికోసమే పడుతుంది. కాబట్టి సముద్రంలో చేప మిగలడంలో కొనేవాళ్ళ చేతిలో ఉన్నదీ తక్కువేం కాదు. సంచిలో ఒక దర్జీ టేపు వేసుకుని బయల్దేరండి.

ముందు తేదీ చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లూ మోటారు పడవలూ వేటకి వెళ్ళకూడదు. చాలా రకాలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన విరామం అది. మోటారు లేని తెప్పలకి, నాటు పడవలకి మినహాయింపు ఉంది గానీ అవి ఒడ్డుకి దగ్గర్లో చిన్న చేపే తెస్తాయి. ఆ రోజుల్లో పెద్ద వంజరం కనిపిస్తే అది కోల్డ్ స్టోరేజీ సరుకో, అరేబియా తీరం నుంచి వచ్చిందో, దొంగవేటదో అయి ఉండాలి. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలాఖరు దాకా అక్కడి చేప న్యాయంగానే రావచ్చు. జూన్ మొదటి రెండు వారాల్లో మాత్రం రెండు తీరాల్లోనూ నిషేధమే. అప్పుడు "రాత్రే దిగింది సార్" అంటే నమ్మకండి. కోల్డ్ స్టోరేజీ సరుకు కొనడం తప్పేం కాదు, తాజా ధర ఇవ్వకుంటే చాలు. పాతబడిన చేపకి కన్ను లోపలికి పోయి తెల్లబారుతుంది, మొప్పలు గోధుమరంగుకి తిరుగుతాయి, వేలితో నొక్కితే పడ్డ గుంట అలాగే ఉండిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం కొలత. చేప ఒక్కసారైనా గుడ్లు పెట్టాక వలలో పడితే సంతతి నిలుస్తుంది. వంజరాన్ని మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలవండి. పక్కలమీద నిలువు చారలున్న పెద్దరకం వంజరం సుమారు 70 సెంటీమీటర్లకి గానీ ఈడుకి రాదు. అంటే తూకంలో రెండు కిలోలు దాటాలి. కిలో తూగేది అర మీటరే ఉంటుంది, అది ఇంకా పిల్లే. "మెత్తగా ఉంటుంది, ఫ్రైకి బావుంటుంది" అని అంటగట్టేది ఎక్కువగా దాన్నే! చారలకి బదులు గుండ్రటి మచ్చలుంటే అది వేరే రకం. అర మీటరు దాటితే దాన్ని తీసుకోవచ్చు. ముక్కలు కోసి పెట్టిన వంజరాన్ని కొలిచే వీలుండదు, అందుకని తల, తోక చూపించమనండి. కానాగంత జానెడు ఉండాలి. అరచేతంత చందువా వద్దు. జన ఉన్న చేపే కావాలని పట్టుబట్టే అలవాటు కూడా మానుకోవాలి, ఆ జన కోసం ఎక్కువ ధర ఇస్తే గుడ్లతో ఉన్న చేపనే వెతికి పడతారు.

తర్వాత వల సంగతి. మొప్పల వెనక ఒంటి చుట్టూ దారం నొక్కినట్టు గీత ఉంటే అది గిల్ వలలో పడ్డ చేప. పెదవి దగ్గర చిరుగుంటే గాలానికి పడింది. ఈ రెండిట్లో కోరుకున్న రకమే ఎక్కువ పడుతుంది. పొలుసులు రాలి, పొట్ట నలిగి, మొప్పల్లో బురద ఉన్నవి అడుగు ఊడ్చే ట్రాల్ వలవి కావచ్చు. రొయ్యల కోసం వేసే ఆ వలలో రొయ్యలకి మించి చిల్లర చేప, పిల్ల చేప పడుతుంది, ఒక్కోసారి తాబేళ్ళు కూడా. తాబేళ్ళు తప్పించుకునే ఊచల చట్రం వలలో బిగించడం లేదనే అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది. చెరువు రొయ్యలకి ఆ నిషేధం లేదు.

సొరని మాత్రం వదిలేయమనే మా సలహా. అది ఆలస్యంగా ఈడుకొస్తుంది, పిల్లలూ కొద్దే. రంపపు సొరలాంటి కొన్ని రకాల్ని పట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం. సొరపిట్టు తినాలనిపిస్తే అదే మసాలాతో సూరచేప (ట్యూనా) వాడి చూడండి, రుచి మరీ దూరం పోదు.

నిషేధం రోజుల్లో కైకలూరు వైపు చెరువుల శీలావతి, బొచ్చె ఉండనే ఉన్నాయి. వీటి మేతలో ఎక్కువ భాగం తవుడు, నూనెగింజల చెక్క. వెనామీ రొయ్య అలా కాదు, దాని మేతలో సముద్రపు చేపల పొడి కలుస్తుంది. చెరువుదే కదా అని దాన్ని లెక్కలేకుండా తింటే సముద్రం మీద భారం తగ్గదు.

కొన్నాక పాడుచేసుకోకండి. ఎండాకాలంలో కిలో చేపకి కిలో నలగ్గొట్టిన ఐసు వేసి, కరిగిన నీరు కారిపోయేలా పెట్టాలి. ఐసు నీళ్ళలో మునిగి నానితే కండ చప్పబడుతుంది. పొట్ట శుభ్రం చేయించకుండా ఇంటికి తెస్తే ముందు చెడేది అక్కడే.