స్ట్రీట్ ట్రయల్స్ ఫ్రేమ్ మనమే డిజైన్ చేద్దాం – 3వ పాఠం: గ్రాములు ఎక్కడ తీయాలి

మనం కడుతున్నది గోడలు, మెట్ల మీద గెంతే స్ట్రీట్ ట్రయల్స్ సైకిల్‌కి ఫ్రేమ్. పోయిన పాఠంలో దాని కొలతలన్నీ కాగితం మీదకి వచ్చేశాయి: 24 అంగుళాల చక్రాలు, పొట్టి చెయిన్‌స్టేలు (పెడళ్ల దగ్గర్నుంచి వెనక ఇరుసుకి వెళ్లే కింది ట్యూబులు), ఇరుసుల గీతకి కాస్త పైన బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు). ఇవాళ ఆ గీతలకి ట్యూబులు ఎంచుకుందాం. ఈ పాఠంలో పట్టుకోవాల్సింది ఒక్కటే. ఫ్రేమ్‌లో బరువు ఎక్కువగా ఉండేది ట్యూబుల నడుమ భాగంలో, విరిగేది మాత్రం అతుకుల దగ్గర. ఈ రెండూ వేర్వేరు చోట్లు కాబట్టే ఒకే ఫ్రేమ్ తేలికగానూ గట్టిగానూ ఉండగలుగుతుంది.

ముందు ఫ్రేమ్ మీద ఎంత భారం పడుతుందో చూద్దాం. మనిషీ బండీ కలిపి 80 కిలోలు, మీటరున్నర గోడ మీంచి దూకారనుకోండి. నేలకి తగిలేసరికి దాదాపు 1,180 జౌళ్ల శక్తి ఉంటుంది. మోకాళ్లు, మోచేతులు, టైరు కలిసి దాన్ని 30 సెం.మీ. దూరంలో మింగేస్తే సగటు బలం 4,700 న్యూటన్ల దగ్గర ఆగుతుంది. అదే కాళ్లు బిగబట్టి 10 సెం.మీ.లో ఆగిపోతే 12,500 దాటుతుంది, పైగా ఇది సగటే, శిఖరం ఇంకా పైన ఉంటుంది. సస్పెన్షన్ లేని బండి కాబట్టి మొత్తం భారం శరీరం మీదా ఫ్రేమ్ మీదా పడాల్సిందే. చక్కగా దిగే రైడర్‌ని ఊహించుకుని డిజైన్ చేస్తే ఫ్రేమ్ ఎక్కువ రోజులు నిలవదు, మనం డిజైన్ చేయాల్సింది ఆ రెండో ల్యాండింగ్‌కే.

ఇక ట్యూబ్. 31.8 మి.మీ. వ్యాసం, 0.9 మి.మీ. మందం ఉన్న 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీల్ ట్యూబ్ మీటరుకి సుమారు 690 గ్రాములు తూగుతుంది. 45 మి.మీ. వ్యాసం, 1.8 మి.మీ. మందం ఉన్న 6061 రకం అల్యూమినియం ట్యూబ్ సుమారు 660 గ్రాములు. బరువు దాదాపు ఒకటే, కానీ వంగకుండా నిలవడంలో అల్యూమినియం ట్యూబ్ ఇంచుమించు రెండింతలు గట్టిది. లోహంగా చూస్తే అల్యూమినియం స్టీల్‌లో మూడో వంతు గట్టిదే, మరి ఇదెలా అంటే, అంతా వ్యాసం చేసే పని. ట్యూబ్ గట్టితనం వ్యాసం ఘనంతో పాటు పెరుగుతుంది (వ్యాసం రెట్టింపైతే ఎనిమిది రెట్లు), మందంతో మాత్రం మామూలుగానే పెరుగుతుంది (మందం రెట్టింపైతే రెండు రెట్లే). అందుకే వ్యాసం పెంచి మందం తగ్గించాలని అందరికీ అనిపిస్తుంది, కొంతవరకూ అది సరైనదే. వ్యాసాన్ని మందంతో భాగిస్తే 50 దాటిందంటే మాత్రం జాగ్రత్త, గోడ అంచుకి ఒక్కసారి తగిలితే ఖాళీ కూల్‌డ్రింక్ టిన్నులా లోపలికి సొట్టపడిపోతుంది. స్ట్రీట్ బండికి నేనైతే 35కి మించి పెద్దగా పోనివ్వను, ఎందుకంటే ఇక్కడ ఫ్రేమ్ రాతికి తగలడం రోజూ జరిగే పనే.

ఇప్పుడు అసలు చిక్కు. 6061ని టీ6 స్థితిలో (వేడితో పూర్తిగా గట్టిపరిచాక) కొంటే అది శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే ఒత్తిడి దాదాపు 275 మెగాపాస్కల్స్. టిగ్ వెల్డింగ్ చేశాక అతుకు పక్కన రెండు మూడు సెంటీమీటర్ల మేర, వేడి తిన్న పట్టీలో, అది 120 దగ్గరికి పడిపోతుంది. లెక్క వేస్తే ఆ 45 మి.మీ. ట్యూబ్ నడుమన 700 న్యూటన్ మీటర్ల వంపు (వంచే బలాన్ని అది పడే దూరంతో గుణిస్తే వచ్చేది) తట్టుకుంటుంది, అతుకు పక్కన 300 మాత్రమే. పైన చెప్పిన స్టీల్ ట్యూబ్ 285 తట్టుకుంటుంది, అతుకు దగ్గర పెద్దగా పోగొట్టుకోదు కూడా. అంటే అల్యూమినియంతో సంపాదించిందంతా అక్కడే పోయింది!

తిరిగి తెచ్చుకోవాలంటే ఫ్రేమ్ మొత్తాన్ని సుమారు 530 డిగ్రీల దగ్గర వేడి చేసి, వెంటనే నీళ్లలో చల్లార్చి, వంకర సరిచేసి, తర్వాత 175 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచాలి. ఆ వంకర సరిచేయడం చల్లార్చిన కాసేపట్లోనే అయిపోవాలి, ఆలస్యమైతే లోహం గట్టిపడిపోతుంది. 7005 అనే మరో అల్యూమినియం మిశ్రమానికి ఆ మొదటి అంచె (530 డిగ్రీల వేడి, చల్లార్పు) అక్కర్లేదు, తక్కువ వేడి ఓవెన్ చాలు. నా మాట సూటిగా చెప్తాను: ఫ్రేమ్ పట్టే ఓవెన్ మీకు దొరకకపోతే 6061 జోలికి వెళ్లొద్దు, క్రోమోలీతో కట్టండి. ఓ అరకిలో ఎక్కువైనా పర్లేదు. స్టీల్‌కి ఒక హద్దు లోపల ఎన్నిసార్లు భారం పడినా అలసట రాదు, అల్యూమినియంకి అలాంటి హద్దు లేదు, ప్రతి దెబ్బా ఎంతో కొంత ఆయుష్షు తింటుంది.

అల్యూమినియంతోనే వెళ్లేవాళ్లు బటెడ్ ట్యూబులు వాడండి, అంటే చివర్లు మందంగా నడుమ పలచగా ఉండేవి. చివర 2.2, నడుమ 1.5 అనుకుందాం. మందపాటి భాగం వేడి తిన్న పట్టీని పూర్తిగా దాటి ఇంకాస్త లోపలి దాకా ఉండాలి. ట్యూబ్‌ని కోసేటప్పుడు ఒకే వైపు నుంచి కోసేసి ఆ భాగాన్ని పోగొట్టుకోవడం తరచూ జరిగే పొరపాటు. అందుకే కోయకముందే బయట మార్కర్‌తో గీత పెట్టుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ హెడ్ ట్యూబ్ (ముందు ఫోర్క్, హ్యాండిల్ తిరిగే పొట్టి ట్యూబ్) దగ్గర పెట్టాలి. ముందు చక్రం మెట్టు అంచుకి తగిలి 1,200 న్యూటన్ల బలం వెనక్కి నెట్టిందనుకోండి. ఇరుసు నుంచి హెడ్ ట్యూబ్ మధ్యకి 45 సెం.మీ. అయితే 540 న్యూటన్ మీటర్ల వంపు అక్కడికి చేరుతుంది. అక్కడి నుంచి వెనక్కి వెళ్లే పైదైన టాప్ ట్యూబ్, కిందిదైన డౌన్ ట్యూబ్ దాన్ని పంచుకుంటాయి. కోణాలు పక్కనపెట్టి రఫ్‌గా చూస్తే, హెడ్ ట్యూబ్ మీద ఆ రెండింటి మధ్యగీతల దూరం 60 మి.మీ. ఉంటే ఒక్కోదాని మీద 9,000 న్యూటన్లు, 80 ఉంటే 6,750. హెడ్ ట్యూబ్‌ని రెండు సెంటీమీటర్లు పొడవు చేసి, కొన్ని గ్రాములు పెంచి, పావు వంతు భారం తగ్గించుకున్నాం. ఫ్రేమ్ మొత్తంలో ఇంత చవక బేరం ఇంకోటి లేదు.

డౌన్ ట్యూబ్ కింది వైపు, హెడ్ ట్యూబ్ అతుకు వెనకాల వేలు పెట్టి చూడండి. అలసట పగుళ్లు ఎక్కువగా మొదలయ్యే చోటు అది. మొదట్లో పెయింట్ మీద వెంట్రుక లాంటి అడ్డగీత కనిపిస్తుంది, తుడిచినా మళ్లీ నల్లగా మసి చేరుతుంది. అక్కడ గస్సెట్ పలక (అతుక్కి ఆసరాగా వేసే రేకు) వేస్తారు కదా, దాని తోక చివర ట్యూబ్‌కి అడ్డంగా వెల్డ్ చేయకండి. అలా చేస్తే అతుకు బలహీనతనే ఓ ఐదు సెంటీమీటర్లు వెనక్కి జరిపినట్టవుతుంది, అదీ ట్యూబ్ పలచబడే చోటుకి. పలకని సన్నగా సాగే నాలుకలా కోసి, పక్కల పొడుగునా మాత్రమే వెల్డ్ చేసి, కొస తెరిచి వదిలేయండి.

వెనక భాగం గురించి క్లుప్తంగా. వెనక చక్రం మీద గెంతేటప్పుడు బ్రేక్ మీదే మొత్తం నిలబడతాం. 160 మి.మీ. డిస్క్ అయితే టైరు దగ్గరి బలం కాలిపర్ (డిస్క్‌ని పట్టుకునే బ్రేక్ దవడ) దగ్గర నాలుగు రెట్లకి పైనే అవుతుంది, అదంతా ఎడమ వైపు స్టేల మీదే పడుతుంది. కాలిపర్‌ని సీట్‌స్టే (సీటు వైపు నుంచి వెనక ఇరుసుకి దిగే ట్యూబ్), చెయిన్‌స్టేల మధ్య కోణంలో పెట్టి, రెండింటినీ కలుపుతూ చిన్న అడ్డపట్టీ వేయండి. కుడి స్టేలని మాత్రం కాస్త పలచగా ఉంచొచ్చు, ఎడమా కుడీ ఒకేలా ఉండాలన్న రూలేం లేదు.

బరువు కోసం రంధ్రాలు చేయాలనిపిస్తే గస్సెట్ల నడుమ, స్టేల మధ్య పలకల్లో చేయండి. డౌన్ ట్యూబ్‌కి పైనా కిందా వద్దే వద్దు, వంపులో ఎక్కువ సాగేదీ నలిగేదీ ఆ రెండు ముఖాలే. బాటమ్ బ్రాకెట్ కింద ఒక్క గ్రాము కూడా తీయకండి.

వచ్చే పాఠానికి ముందు ఓ పని. మీ డిజైన్‌లోని ప్రతి ట్యూబ్‌కీ వ్యాసంలోంచి మందం తీసేసి, దాన్ని మందంతోనూ 3.14తోనూ గుణించి, వచ్చినదాన్ని స్టీల్ అయితే 7.85తో, అల్యూమినియం అయితే 2.7తో గుణించండి. కొలతలు మిల్లీమీటర్లలో ఉంటే జవాబు మీటరుకి గ్రాముల్లో వస్తుంది. బటెడ్ ట్యూబ్ అయితే చివర్లకి, నడుముకి విడివిడిగా వేయండి. ఆ పట్టిక పక్కన పెట్టుకుంటే 4వ పాఠంలో ట్యూబుల చివర్లు చేప నోరులా కోసి జిగ్‌లో (ట్యూబుల్ని కదలకుండా పట్టే చట్రంలో) బిగించడం మొదలుపెడదాం.