హెరిటేజ్ ఏరియా ప్రణాళికకు ప్రభుత్వ గ్రాంటు: దరఖాస్తుకు ముందు తేల్చుకోవాల్సినవి

అమెరికాలో హెరిటేజ్ ఏరియా అంటే పార్కు కాదు. ప్రభుత్వం భూమి కొనదు, కంచె వేయదు, గేటు దగ్గర టికెట్ అమ్మదు. ఊళ్లు, ఇళ్లు, మిల్లులు, పొలాలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ ప్రాంతం చరిత్రను కాపాడే, చెప్పే పనిని ఒక స్థానిక సంస్థ సమన్వయం చేస్తుంది, జాతీయ పార్కులను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్ దానికి నిధులు, సలహా ఇస్తుంది. ఇల్లినాయ్ అండ్ మిషిగన్ కాలువ వెంబడి 1984 ఆగస్టులో ఇలాంటి మొదటి ప్రాంతం ఏర్పడింది. 2023 జనవరి 5న సంతకమైన చట్టం వీటన్నిటినీ ఒకే వ్యవస్థ కిందికి తెచ్చింది. అప్పటికి జాతీయ స్థాయి ప్రాంతాలు 62.

ముందుగా మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జాతీయ హెరిటేజ్ ఏరియాల నిధి గుర్తింపు వచ్చాకే అందుతుంది, ఆ గుర్తింపు ఇచ్చేది కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు. దానికి ముందు చేయాల్సిన సాధ్యాసాధ్యాల అధ్యయనాన్ని కాంగ్రెస్ ఆదేశిస్తే పార్క్ సర్వీస్ చేస్తుంది. లేకపోతే స్థానిక సంస్థే కౌంటీ (మన జిల్లా లాంటిది), రాష్ట్రం, ఫౌండేషన్ల డబ్బుతో చేయించుకోవాలి. రాష్ట్రాల పథకాలు వేరు. మేరీలాండ్‌లో మెట్లు రెండు: మొదట "రికగ్నైజ్డ్" హోదా, నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొందాక "సర్టిఫైడ్" హోదా. పెన్సిల్వేనియా, న్యూయార్క్‌లకూ సొంత కార్యక్రమాలున్నాయి. ఒక పథకానికి రాసిన దరఖాస్తును పేరు మార్చి ఇంకోదానికి పంపితే మొదటి పేజీలోనే దొరికిపోతారు.

తర్వాత సరిహద్దు. అధ్యయనంలో గీసేది ప్రాథమిక పటమే అయినా, దానికి ప్రజల మద్దతు చూపించాలి. కౌంటీ గీతల వెంట పటం గీయడం సులువు, సమర్థించుకోవడమే కష్టం. ముందు ఇతివృత్తం ఒక వాక్యంలో రాయండి, గీత తర్వాత గీయండి. బ్లాక్‌స్టోన్ నది లోయనే తీసుకోండి. నీటి శక్తితో నడిచిన బట్టల మిల్లులు, వాటి చుట్టూ పుట్టిన ఊళ్లు అక్కడి కథ, అందుకే ఆ హద్దు మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ రెండింటిలోనూ ఉంది. నది రాష్ట్ర రేఖ దగ్గర ఆగదు కదా. మీ ఇతివృత్తంతో సంబంధం లేని పట్టణాన్ని అక్కడి మేయర్ ఉత్సాహంగా ఉన్నాడని కలుపుకుంటే, ఎందుకు కలిపారని సమీక్షకులు అడుగుతారు. కలపాల్సిన పట్టణం వద్దంటే ఆ సంగతీ దాచకుండా రాయండి.

భూ యజమానుల అనుమానం ఎప్పుడూ ఉండేదే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సొమ్ముతో స్థిరాస్తి కొనకూడదనీ, యజమాని ఒప్పుకోకుండా ఎవరి ఆస్తిలోకీ ప్రవేశం కల్పించనక్కర్లేదనీ గుర్తింపు చట్టాల్లోనే ఉంటుంది. మొదటి బహిరంగ సమావేశంలోనే ఆ మాట చదివి వినిపించండి. నాలుగో సమావేశందాకా ఆగితే అప్పటికే పుకారు పాతుకుపోతుంది.

ఇక అసలు చిక్కు మ్యాచింగ్. ఫెడరల్ వాటా సాధారణంగా సగానికి మించదు, మిగతాది మీరు నగదుగానో వస్తు, సేవల రూపంలోనో చూపాలి. ఉదాహరణకు ప్రాజెక్టు 1,20,000 డాలర్లు అనుకుందాం. గ్రాంటు 60,000, మీ వాటా 60,000. కౌంటీ నగదు 25,000, విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం ఉచితంగా ఇచ్చే పని 15,000, సమావేశ గదుల విలువ 6,000, వాలంటీర్ల పని గంటకు 28 చొప్పున 500 గంటలకు 14,000. కాగితం మీద లెక్క సరిపోయింది. చివరికి వాలంటీర్లు సంతకం చేసిన గంటలు 350 మాత్రమే తేలాయనుకోండి. 4,200 తగ్గింది, మీ వాటా 55,800కి దిగింది. గ్రాంటు కూడా అంతకే పరిమితం. 60,000 ఖర్చు పెట్టేసి ఉంటే ఆ 4,200 మీ జేబులోంచి పోతుంది. అందుకే మొదటి సమావేశం నుంచే హాజరు పట్టీలో పేరు, తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, సంతకం ఉండాలి. ఏడాది తర్వాత గుర్తు చేసుకుని రాసిన పట్టీ ఆడిట్‌లో నిలవదు.

రేటు విషయంలో ఆశపడొద్దు. పని చేసిన మనిషి హోదాను బట్టి కాదు, చేసిన పనిని బట్టి విలువ కడతారు. లాయరు వచ్చి కుర్చీలు సర్దితే కుర్చీలు సర్దే పని రేటే. గదికైతే ఆ ఊళ్లో అలాంటి ప్రైవేటు గది అద్దెను మించి చూపకూడదు. మరో ఫెడరల్ గ్రాంటు సొమ్మును, చట్టం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, మ్యాచింగ్‌గా చూపడం కుదరదు. గ్రాంటు కాలం మొదలవకముందు పెట్టిన ఖర్చుకూ ముందస్తు అనుమతి కావాలి.

కన్సల్టెంట్ దగ్గర ఇంకో గొయ్యి ఉంది. పనివివరం రాయడంలో ఒక సంస్థ సాయం తీసుకుని, తర్వాత ఆ పని ఆ సంస్థకే ఇవ్వడం మామూలుగా కనిపిస్తుంది. కానీ ఫెడరల్ కొనుగోలు నియమాల ప్రకారం టెండరు పత్రాన్ని తయారుచేసిన వాళ్లు ఆ టెండరులో పోటీ పడకూడదు. ఉచితంగా సాయం చేశారన్నది సాకు కాదు.

కాగితాల పని చిన్నదే గానీ ఆలస్యమయ్యేదీ అదే. ఫెడరల్ గ్రాంటు కోరే సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైటు సామ్ డాట్ గవ్‌లో నమోదు చేసుకుని 12 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తీసుకోవాలి, నమోదును ఏటా పునరుద్ధరించాలి. సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా పన్ను రికార్డుతో అక్షరం తేడా లేకుండా కలవకపోతే ఫైలు వారాల తరబడి కదలదు. గడువుకు కనీసం రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ఆఫీసు అద్దె, కరెంటు లాంటి పరోక్ష ఖర్చులకు ప్రభుత్వంతో కుదుర్చుకున్న ఒప్పంద రేటు లేని సంస్థలు 2024 అక్టోబరు నుంచి 15 శాతందాకా అడగవచ్చు, అంతకుముందు అది 10 శాతమే.

గుర్తింపు వచ్చాక నిర్వహణ ప్రణాళికకు సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు మొదలయ్యేది నిధులు తొలిసారి అందుబాటులోకి వచ్చినప్పుడు, మీరు డైరెక్టర్‌ను నియమించుకున్నప్పుడు కాదు. ప్రణాళికలో వనరుల జాబితా, చరిత్రను జనానికి ఎలా చెబుతారన్నది, తొలి ఐదేళ్ల పనులు, ఎవరి బాధ్యత ఏది, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది ఉండాలి. గడువు దాటితే ప్రణాళిక అందేదాకా కొత్త నిధులు ఆగిపోతాయి. చాలా బృందాలు జాబితా దగ్గరే రెండేళ్లు గడిపేస్తాయి. పాత సర్వేలు, నేషనల్ రిజిస్టర్ (చారిత్రక స్థలాల జాతీయ జాబితా) ఫైళ్లు రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయంలో సిద్ధంగానే ఉంటాయి. ముందు అవి తెచ్చుకుని, ఖాళీ ఉన్నచోట మాత్రమే కొత్త సర్వేకు డబ్బు పెట్టండి. పార్క్ సర్వీస్ ఉండే ఇంటీరియర్ శాఖ అధిపతి, అంటే ఇంటీరియర్ కార్యదర్శి (మన మంత్రి లాంటి పదవి), ప్రణాళికను తిప్పి పంపితే కారణాలు రాతపూర్వకంగా వస్తాయి. వాటికి వరుసగా జవాబిస్తూ సవరించి మళ్లీ పంపాలి.