బీపీ మిషన్ బీరువాలోకి పోకుండా

హైదరాబాద్‌లో ఉండి దేవరకొండలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఉన్న అమ్మానాన్నలకు బ్లూటూత్ బీపీ మిషన్ కొనిచ్చేవాళ్లకు ఒక మాట. ఫోన్‌తో బ్లూటూత్ కలవట్లేదని పెద్దవాళ్లు మిషన్‌నే పక్కన పెట్టేస్తారు, అసలు బాధ అదే. చాలా మిషన్లు రీడింగులను తమలోనే దాచుకుంటాయి కాబట్టి రోజూ ఫోన్ ముట్టక్కర్లేదు, పట్టీ కట్టుకుని బటన్ నొక్కితే చాలని, అంకె ఎక్కువొస్తే కాల్ చేయమని చెప్పండి. ఊరెళ్లినప్పుడు మీరే యాప్ తెరిచి అన్నీ ఒకేసారి ఎక్కించుకోవచ్చు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ అయితే లొకేషన్ ఆన్ చేయండి, లేకపోతే మిషన్ దొరకదు. స్టార్ట్ బటన్ పక్కన ఎర్ర బొట్టుబిళ్ల అతికించండి, అమ్మకు ఇంగ్లిష్ అక్షరాలతో పనుండదు. కొనేముందే చేయి చుట్టుకొలత టేపుతో చూసుకోండి, బక్క చేతికి పెద్ద పట్టీ వేస్తే బీపీ తక్కువ చూపిస్తుంది.