కొండల నడక – ఆరో పాఠం: పైన వచ్చే తలనొప్పి

ఐదో పాఠంలో వీపున సంచి తగిలించుకుని అలిపిరి మెట్లెక్కమన్నాను. పట్టిన సమయం రాసి పంపమన్నాను. చాలామంది పంపారు. గాలిగోపురం దాకా ఎక్కడా కూర్చోలేదని ఒకరు రాశారు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లూ గంటలోపే అయిపోయాయని ఇంకొకరు. చదువుతుంటే సంతోషం వేసింది. కానీ ఎక్కువ ఉత్తరాల చివర ఒకటే మాట: "ఇంక మనకు ఎత్తు సమస్య రాదు కదా సార్?"

వస్తుంది. మెట్లెక్కినవాళ్లకూ వస్తుంది, ఎక్కనివాళ్లకూ వస్తుంది. ఈసారి టెంటు గురించి, రాత్రి చలి గురించి రాయాల్సింది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పీలేరు నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం చదివాక ఈ సంగతి ఆలస్యం చేయకూడదనిపించింది. అతను అలిపిరి మెట్లు బాగా అలవాటు చేసుకున్నాడు. ఆ ధైర్యంతో ఢిల్లీలో విమానమెక్కి లద్దాఖ్‌లోని లేహ్‌లో దిగాడు. దిగిన సాయంత్రమే శాంతి స్తూపం మెట్లెక్కేశాడు. రాత్రి పదికల్లా తల పగిలిపోతోంది, తిన్నది కడుపులో నిలవలేదు. తెల్లవార్లూ గోడకానుకుని కూర్చున్నాడు. "3,550 మెట్లకు రాని బాధ అక్కడ ఐదొందల మెట్లకు ఎందుకొచ్చింది సార్?" అని అడిగాడు.

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. తిరుమల వెయ్యి మీటర్లకు లోపే. మన హార్స్‌లీ కొండలు పదమూడు వందల లోపు. దక్షిణ భారతమంతటికీ ఎత్తైన ఆనముడి కూడా 2,695 మీటర్లే. లేహ్ ఊరు 3,500 మీటర్లలో ఉంది, అంటే ఆనముడి శిఖరం కంటే ఎనిమిది వందల మీటర్లు పైన జనం ఇళ్లు కట్టుకుని కాపురం ఉంటున్నారు. ఎత్తు బాధ సాధారణంగా 2,500 మీటర్లు దాటాక మొదలవుతుంది. కాబట్టి మన చుట్టుపక్కల ఏ కొండెక్కినా ఆ సాధన జరగదు. మెట్లు కాళ్లను, గుండెను తయారుచేస్తాయి, వాటి పని అంతే. పదమూడేళ్ల పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది కదా అని ఇద్దరు ముగ్గురు రాశారు. నిజమే, మన తెలుగు పిల్ల. ఆమె భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లోనూ లద్దాఖ్‌లోనూ శిక్షణ పొంది, ఆ తర్వాతే ఎవరెస్ట్‌కు వెళ్లింది. భువనగిరి నుంచి తిన్నగా వెళ్లలేదు.

పైన ఏం జరుగుతుందో కొంచెం నిదానంగా చదవండి. గాలిలో ఆక్సిజన్ పాలు తిరుపతిలోనూ ఎవరెస్ట్ మీదా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో అది సముద్రతీరంలో ఉన్నదానికి దాదాపు మూడింట రెండు వంతులు, 5,500 మీటర్ల దగ్గర సగం. ఒక్కో ఊపిరికి లోపలికి చేరే ఆక్సిజన్ ఆ లెక్కనే తగ్గుతుంది. శరీరం వెంటనే ఊపిరి వేగం పెంచుతుంది. అట్లా పెంచితే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారం వైపు జరుగుతుంది, అది మళ్లీ ఊపిరిని వెనక్కి లాగుతుంది. మూత్రపిండాలు రక్తంలోని క్షారమైన బైకార్బనేట్‌ను బయటికి పంపి ఈ తూకం సరిచేయాలి. దానికి రోజులు పడుతుంది. పైకి వెళ్లిన కొత్తలో మూత్రం ఎక్కువ రావడం అందుకే, కంగారు పడాల్సింది లేదు. ఎర్రరక్తకణాలు పెరగడానికైతే వారాలు కావాలి. ఈ పనుల్లో ఏదీ మీ కండబలం చూసి తొందరగా జరగదు.

పైగా దిట్టంగా ఉన్నవాళ్లకే ప్రమాదం ఎక్కువగా కనబడుతుంది. వాళ్లు వేగంగా నడిచి, మొదటి రోజే ఎక్కువ ఎత్తుకు పోయి పడుకుంటారు. నేను అందరికీ చెప్పే వేగం ఒకటుంది: గోవింద నామాలు పైకి వినబడేట్టు, మధ్యలో తెగకుండా చెప్పగలిగినంత. నామం తెగిందంటే కాలు ఎక్కువైంది. అలిపిరి దారిలో మెట్లపూజ చేసే ఆడవాళ్లను ఈసారి నిలబడి చూడండి. ప్రతి మెట్టుకూ వంగి, తడిచేత్తో పసుపు రాసి, బొటనవేలితో కుంకుమ అద్ది, లేచి మరో మెట్టు. పొద్దన్నే మొదలుపెట్టి మోకాళ్ల పర్వతం దగ్గర కూడా ఆయాసం లేకుండా మాట్లాడుతుంటారు. నాలుగు వేల మీటర్ల పైన అదే నడక నడవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఉత్తరాల్లో నాకు కోపం తెప్పించింది, భయం కూడా తెప్పించింది ఈ ఒక్కటే. హిమాలయాలకు వెళ్లొచ్చినవాళ్లలో తలనొప్పి రాలేదన్నవాళ్లు తక్కువ. కానీ ఒక్కరూ దాన్ని ఎత్తు మీద వేయలేదు. "ఎండ తగిలింది." "పొద్దున కాఫీ పడలేదు." "పైత్యం చేసింది." "బస్సు కుదుపులకు నిద్ర లేదు." అమృతాంజనం రాసుకుని, ఒక మాత్ర మింగి, గైడు అడిగితే "బాగున్నా భయ్యా" అని చెప్పి మరుసటి మజిలీకి నడిచారు. ఎందుకంటే గైడు వెనక్కి పంపేస్తాడని భయం. డబ్బు కట్టాం, సెలవు పెట్టాం, స్నేహితులు ముందుకు పోతున్నారు. ఇవన్నీ నాకు అర్థమవుతాయి. అయినా ఒప్పుకోను.

2,500 మీటర్ల పైన వచ్చిన తలనొప్పి ఎత్తు వల్ల వచ్చిందే, వేరే కారణం రుజువయ్యేదాకా. సాధారణంగా కొత్త ఎత్తుకు చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల్లో మొదలవుతుంది. మధ్యాహ్నం చేరి, ఫొటోలు తీసుకుని, "నాకేం కాలేదు" అని ఇంటికి ఫోన్ చేస్తారు. రాత్రి భోజనం వేళకు తల బిగుస్తుంది. దానికి తోడు అన్నం సహించకపోవడం, వికారం, కళ్లు తిరగడం, విపరీతమైన నీరసం, వీటిలో ఒక్కటున్నా ఎత్తు జబ్బు మొదలైనట్టే లెక్క.

సాకులను ఒక్కొక్కటే ముందే తెంచేయండి. కాఫీ అలవాటున్నవాళ్లు కొండ మీద మానకండి. అలవాటైన కాఫీ ఒక్కసారిగా ఆపితే నిజంగానే తల నొస్తుంది, ఆ నొప్పి ఎత్తు నొప్పితో కలిసిపోతుంది. చిన్న ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు జేబులో వేసుకోండి, ఇంట్లో తాగే వేళకే తాగండి. నేను అట్లానే చేస్తాను. ఎండకు టోపీ, నల్లద్దాలు పెట్టుకోండి. మంచు మీద అద్దాలు లేకుండా ఒక్క పూట నడిచినా కళ్లు మంటపుట్టి చూపు నిలవదు. దాహం వేయకపోయినా మూత్రం లేతరంగులో ఉండేట్టు నీళ్లు తాగండి. వేళకు తినండి. ఇవన్నీ చేశాక కూడా తల నొచ్చిందంటే సాకుకు చోటు లేదు.

అప్పుడు ఏం చేయాలి? కూర్చోండి. అర లీటరు నీళ్లు తాగండి, ఏదో ఒకటి తినండి. పారాసెటమాల్ వేసుకోవచ్చు, అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, మాత్ర వేసుకుని పైకి నడవడంలో. నొప్పి పూర్తిగా తగ్గి, మాత్ర బలం లేకుండా కూడా బాగుందనిపించేదాకా అదే ఎత్తులో ఉండండి. అక్కడే ఉన్నా ముదురుతోందంటే దిగండి. మూడొందల నుంచి వెయ్యి మీటర్లు దిగితే చాలావరకు మనిషి తేరుకుంటాడు. గైడుకు మొదటి గంటలోనే చెప్పండి. తెలుగులో చెప్పినా తల పట్టుకుని చూపిస్తే అర్థం చేసుకుంటాడు, అతనికది రోజూ చూసేదే.

ఆలస్యం చేస్తే రెండు ప్రాణాంతక స్థితులు వస్తాయి. ఒకటి మెదడు వాపు. మనిషి తూలుతూ నడుస్తాడు, మాట తికమకపడుతుంది, చిన్న పనికి కూడా చేయి కుదరదు. ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనించి తిన్నని గీత మీద నడవమంటే నడవలేడు. రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది ఎక్కువగా కొత్త ఎత్తులో రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు వస్తుంది. ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గు, ముదిరితే గులాబీ రంగు నురగ. తలనొప్పి లేకుండా కూడా రావచ్చు. ఈ రెండింటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా దింపాలి, తోడుగా ఇంకొకరు వెళ్లాలి. ఒంటరిగా పంపకూడదు. ఆక్సిజన్ ఉంటే పెట్టండి, కానీ అది ఉంది కదా అని దిగడం మానకండి.

భయపడనక్కర్లేనిది కూడా ఒకటి చెబుతాను. రాత్రి పక్కవాడి ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, తర్వాత గబగబా నాలుగైదుసార్లు వస్తుంది. ఎత్తులో నిద్రపోయేవాళ్లలో ఇది మామూలే. నిద్రమాత్రలు, మద్యం మాత్రం ముట్టకండి, రెండూ ఊపిరిని ఇంకా నెమ్మది చేస్తాయి.

కర్పూరం గురించి చాలామంది అడిగారు. తిరుపతి వాళ్లం, పచ్చకర్పూరం మన ఇంట్లోనే ఉంటుంది. గుడ్డలో కట్టి వాసన చూస్తే ముక్కులో చల్లగా తగిలి గాలి బాగా ఆడినట్టు అనిపిస్తుంది. రక్తంలో ఆక్సిజన్ ఒక్క చుక్క కూడా పెరగదు. హాయిగా ఉంటే వాసన చూసుకోండి, మందని నమ్మి పైకి నడవకండి. నోట్లో వేసుకోకండి, కర్పూరం ఎక్కువైతే విషం. ముఖానికి బిగించే సాధన మాస్కులు కూడా కొనకండి. అవి గాలిని అడ్డుకుంటాయి గానీ ఎత్తును తెచ్చిపెట్టవు. ఎత్తు జబ్బు రాకుండా డాక్టర్లు ఇచ్చే డయామాక్స్ మాత్ర నిజంగా పనిచేస్తుంది, మూత్రపిండాలు చేసే ఆ పనినే తొందర చేస్తుంది. వేళ్ల కొసలు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి చప్పబడుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పాలి. మోతాదు ఆయనే రాస్తారు, నేను రాయను.

తిండి గురించి ఒక్క మాట. లేహ్ ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి, ఐదు వేల మీటర్ల దగ్గర 83కే. కుక్కర్ లేకుండా వండితే అన్నం పలుకు విరగదు. ఆకలి కూడా చస్తుంది. ఆవకాయ కంటే మన పప్పుల పొడి నయం. నూనె కారదు, వేడన్నంలో కలిపితే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

మోకాళ్ల నొప్పులని రాసినవాళ్లకు జవాబు తేలిక. నడిచి ఎక్కి, ఆర్టీసీ బస్సులో దిగుతున్నారు. వారానికి ఒక్కసారైనా మెట్ల మీదుగానే దిగండి. పసుపు తడిసిన చోట అడుగు జారుతుంది, పక్కనుంచి దిగండి.

ఇక అభ్యాసం. ఈసారిది కష్టం. మీరు వెళ్లాలనుకునే కొండ ఒకటి ఎంచుకుని ప్రతి రాత్రీ ఎక్కడ పడుకుంటారో, అది ఎన్ని మీటర్లో పట్టీ రాయండి. పగలు ఎంత ఎక్కారన్నది అక్కర్లేదు, పడుకునే ఎత్తే లెక్క. 3,000 మీటర్లు దాటాక రాత్రికీ రాత్రికీ తేడా 500 మించకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఒక రాత్రి అదనంగా ఉండాలి.

నేపాల్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంపు దారి చూడండి. లుక్లా 2,860, ఫక్డింగ్ 2,610, నామ్చే బజార్ 3,440. ఇక్కడ ఒక్కసారిగా పెరిగే ఎత్తు పెద్దది, అందుకే నామ్చేలో రెండు రాత్రులు. తర్వాత తెంగ్‌బోచే 3,860, డింగ్‌బోచే 4,410. మళ్లీ 550 పెరిగింది, మళ్లీ రెండు రాత్రులు. ఆ పైన లోబుచే, గోరక్‌షెప్, చివరికి 5,364 మీటర్ల బేస్ క్యాంపు. ఈ రెండు విశ్రాంతి రాత్రుల్లో ఒకటి ఎగరగొట్టి చౌకగా తీసుకెళ్తామనే ప్యాకేజీలు కనబడతాయి. తీసుకోకండి. ఆఫ్రికాలోని కిలిమంజారో కొండకు మరంగు దారిలో అయితే హొరొంబో మజిలీ నుంచి కిబో మజిలీకి ఒక్కరోజులో సుమారు వెయ్యి మీటర్లు పెరుగుతుంది, కాబట్టి హొరొంబోలో అదనపు రోజు లేకుండా బుక్ చేసుకోవద్దు.

500 దాటిన ప్రతి చోటా ఎర్ర సిరాతో గీసి, రోజు చేర్చి పట్టీ మళ్లీ రాయండి. సెలవు చాలకపోతే కొండ మార్చండి, రోజులు కత్తిరించకండి. ప్రతి రాత్రి మజిలీ పక్కన ఇంకో గడి పెట్టి, ఇక్కడ జబ్బు చేస్తే దిగాల్సిన ఊరేది, అక్కడికి ఎన్ని గంటల నడక, నాతో ఎవరు దిగుతారు అన్నది పేరుతో సహా రాయండి. ఆ పేరు గల మనిషిని ముందే అడిగి ఒప్పించండి.

దీనితో పాటు వారం రోజులు రాత్రి పడుకునే ముందు ఇంట్లో టైల్స్ కలిసే గీత మీద మడమకు వేళ్లానించి పది అడుగులు నడవండి, ఇంట్లోవాళ్లను చూడమనండి. ఒళ్లు బాగున్నప్పుడు మీ నడక ఎట్లా ఉంటుందో తెలిస్తేనే పైన తేడా పట్టుకోగలరు. పట్టీలు వచ్చే పాఠంలోపు పంపండి. దిగే ఊరి గడి ఖాళీగా ఉన్నవి దిద్దకుండా వెనక్కి పంపిస్తాను.