పండుఈగ పిండంలో సంకేతాలు – 4వ పాఠం: బాణం ఎటు గీయాలి?

పోయిన పాఠంలో పిండం రెండు కొసల దగ్గర టోర్సో రిసెప్టర్ మేలుకోవడం, ఆ సంకేతం రాస్, రాఫ్, మెక్ అనే ప్రోటీన్ల మీదుగా, ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్ ఈఆర్‌కే దాకా చేరడం చూశాం. చివర ఈఆర్‌కే నుంచి టెయిల్‌లెస్ జన్యువుకు నేరుగా బాణం గీసుకుని ఉంటే చెరిపేయండి.

టెయిల్‌లెస్‌ను నడిపే యాక్టివేటర్లు (జన్యువును పలికించే, అంటే పనిచేయించే ప్రోటీన్లు) నడుమ భాగంలోనూ ఉంటాయి. అయినా అక్కడ ఆ జన్యువు పలకదు, కాపిక్యువా అనే రిప్రెసర్ (జన్యువును ఆపే ప్రోటీన్) దాన్ని నొక్కిపెడుతుంది కాబట్టి. డీఎన్ఏలో టీజీఏఏటీజీఏఏ లాంటి ఎనిమిది అక్షరాల వరుస దాని కూర్చునే చోటు. కొసల్లో ఈఆర్‌కే కాపిక్యువాకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. డీఎన్ఏ మీద దాని పట్టు సడలుతుంది, కేంద్రకంలో దాని మోతాదూ పడిపోతుంది. కాబట్టి గీయాల్సినవి బాణాలు కాదు, 'ఆపుతుంది' అని చూపే రెండు అడ్డుగీతలు: ఈఆర్‌కే నుంచి కాపిక్యువాకు ఒకటి, కాపిక్యువా నుంచి టెయిల్‌లెస్‌కు ఒకటి.

కాపిక్యువా కాటలాన్ మాట, 'తల-తోక' అని అర్థం. అది లేని పిండంలో తల, తోక మిగిలి నడుము ఖండాలు పోతాయి. ఇంత సూటిగా పేరు పెట్టిన జన్యువులు తక్కువ.

ఇక అభ్యాసం. తల్లిలో టోర్సో లేకపోతే వెనక కొసలో టెయిల్‌లెస్ పలకదు. కాపిక్యువా లేకపోతే నడుములోకీ పాకుతుంది. రెండూ లేకపోతే? పాకుతుంది. నొక్కేదే లేనప్పుడు, దాన్ని తీసే సంకేతం ఉన్నా లేకున్నా ఒకటే. ఇక్కడ ఎక్కువమంది పొరపడేది పిండం జన్యురూపం రాసుకోవడంలో. ఈ రెండింటినీ గుడ్డులో నింపేది తల్లి. తండ్రి నుంచి మంచి కాపీ వచ్చినా పిండం బాగుపడదు. కాగితం మీద తల్లి జన్యురూపమే రాయండి.

ఈఆర్‌కే ఎక్కడ మేలుకుందో కళ్లతో చూడాలంటే 25 డిగ్రీల్లో పెట్టి 2–3 గంటలైన గుడ్లు తీసుకోండి. సగం నీళ్లు కలిపిన బ్లీచ్‌లో 2 నిమిషాలుంచి, బాగా కడిగి, వెంటనే సమపాళ్ల హెప్టేన్, ఫార్మాల్డిహైడ్ ద్రావణంలో 20 నిమిషాలు కుదపండి. మధ్యలో ఆగితే ఫాస్ఫటేజులనే ఎంజైములు ఫాస్ఫేట్‌ను ఊడదీస్తాయి, ఫాస్ఫో-ఈఆర్‌కే (ఫాస్ఫేట్ తగిలి మేలుకున్న ఈఆర్‌కే)ను యాంటీబాడీతో చూపే స్టెయిన్ వెలవెలబోతుంది. కింది ద్రవపు పొర తీసేసి మెథనాల్ పోసి గట్టిగా ఊపాక అడుక్కి దిగినవే ఏరుకోండి. రెండు ద్రవాల మధ్య తేలేవాటికి గుడ్డు లోపలి పొర ఊడలేదు, యాంటీబాడీ లోపలికి పోదు.

వచ్చే పాఠానికి: టోర్సో అంతటా ఆగకుండా పనిచేసే పిండంలోనూ నడుము పోతుంది. దాన్నీ కాపిక్యువా లేని పిండాన్నీ పక్కపక్కన పెడితే, పై స్టెయిన్‌తో ఏది ఏదో ఎలా చెబుతారు?