పత్తాల క్లూ కాడ ఆగిపోయిన్రా? ముందు చివరి ఎస్ చూడున్రి

ఇంగ్లీష్ క్రిప్టిక్ క్రాస్‌వర్డ్‌ల, అంటే క్లూల జవాబు అర్థంతోని పాటు దాని అక్షరాలను గూడ మాటల్ల దాచిపెట్టే పజిల్‌ల, హార్ట్స్ అంటే హెచ్, స్పేడ్స్ ఎస్, డైమండ్స్ డి, క్లబ్స్ సి. బ్రిడ్జ్ అనే పత్తాలాట రాసుకునే పద్ధతి అది, మీకు తెల్సే ఉంటది. క్లబ్స్ పక్కన జుట్టు పెడితే కుర్చీ అయితది, సి, హెయిర్, చైర్.

సమస్య ఏందంటే అక్షరం పెడ్తరు కానీ మాట కుదరది. పదిసార్ల తొమ్మిదిసార్లు కారణం ఒక్కటే, క్లూల ఉన్నది హార్టా, హార్ట్సా అని ఎవ్వరూ చూడరు. ఒక్క ఎస్ అండీ!

నేను కూడ గట్లనే బోల్త పడ్డ. కాజీపేట స్టేషన్ల బండి కోసం కూసోని పేపర్ తీస్తే "హార్ట్‌లెస్ చీట్" అని ఉంది, అర్థమేమో ముచ్చట పెట్టుడు, నాలుగక్షరాలు. చీట్ స్పెల్లింగుల హెచ్ కండ్ల ముందే ఉండె, తీసి పారేసిన. మిగిలింది సి, ఈ, ఏ, టి. సియట్! టైర్లకు ముచ్చట్లకు ఏం సంబంధమని బండి వచ్చేదాక బుర్ర గోక్కున్న. అసలు తీయాల్సింది పత్తా కాదు, మాట నడిమి అక్షరం, ఈ పోతే చాట్. గుండె అంటే నడుమనే కదా. అదే "చాప్ వితౌట్ హార్ట్స్" అని ఉండి అర్థం టోపీ అయితే, అప్పుడు హెచ్ తీయాలె, క్యాప్ వస్తది. ఎస్ లేకపోతే నడిమి అక్షరం, ఉంటే హెచ్, దాదాపు ఎప్పుడూ ఇంతే. పక్కన "ఆఫ్" ఉంటె మాత్రం ఎస్ ఉన్నా సరే నడుమ చూడున్రి. హార్ట్ ఆఫ్ వరంగల్ అంటే 8 అక్షరాలల్ల నడిమి రెండు, ఏ, ఎన్. భద్రకాళి గుడి కాదు.

ఇంకోటి, మనం చిన్నప్పటి సంది ఆటీన్, ఇస్పేట్, డైమన్, కళావర్ అనుకుంట ఆడినోళ్లం, క్లబ్స్ చూడంగనే మనసుల కళావర్ అనుకుని చెయ్యి కె రాస్తది. కె అంటే కింగ్.

డి పెట్టినా కుదరకపోతే డైమండ్స్‌ను ఐస్ అనుకోని చూడున్రి, ఇంగ్లీష్ వాడుక మాటల వజ్రాలను గట్లనే అంటరు. బ్రిడ్జ్‌ల ఆటగాళ్లకు దిక్కుల పేర్లుంటయి, అందుకే బ్రిడ్జ్ ఆటగాడు ఎన్, అంటే నార్త్, పక్కన ఐస్, నైస్. ఎస్ లేకుండ క్లబ్ అని ఉంటె బ్యాటో, గోల్ఫ్ ఆడే ఐరనో అయితది.

హార్ట్స్ అని స్కాట్లండ్‌ల ఫుట్‌బాల్ టీమ్ కూడ ఉంది గానీ, నాకు ఒకట్రెండు సార్ల కన్న తగల్లే, దాని కోసం ఆగకున్రి.